పనివాని కూలియు, నడిమివాని కమిషనును

మాఘ ఫాల్గుణములందును, వైశాఖ శ్రావణములందును వేయిమందికి వడ్డన జరుగు కల్యాణ మండపము ఆషాఢము వచ్చినంతనే తలుపులు మూసికొని యుండును. ముహూర్తములను బట్టి పెరుగుచు తరుగుచు నుండు వృత్తిలో సంవత్సరము పొడుగునను జీతములిచ్చి పనివారిని నిలుపుకొనుట యజమానికి సాధ్యము కాదు. కావుననే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములందు సప్లయర్లను, గిన్నెలు కడుగువారిని, గదులు శుభ్రము చేయువారిని, వంటసాలలో చేయందించువారిని రోజులకును నెలలకును సరఫరా చేయు ఏజెన్సీలు వెలసినవి. హోటలు యజమాని వానిని ఆశ్రయించుచున్నాడు. కుమార్తె వివాహము తలపెట్టిన గృహస్థు కూడ, ఎరిగియో ఎరుగకయో, ఆ ఏజెన్సీల ఖాతాదారే యగుచున్నాడు.

ఇందు నిందింపదగినది లేదు. అవసరము నిజమైనది, ఆ అవసరమును తీర్చువాడు తన శ్రమకు ప్రతిఫలము కోరుటయు న్యాయమైనదే. మన ఆక్షేపణ వేరు. ఏజెన్సీ పంపు బిల్లులో సాధారణముగా ఒక్కటే యంకె యుండును: తలకు ఇంత, రోజునకు ఇంత. ఆ యంకెలో పనివానికి చేరున దెంత, ప్రభుత్వ నిధులకు చేరున దెంత, నడిమివానికి మిగులున దెంత యని యడుగువారు అరుదు. అడుగనివాడు రెండు విధముల నష్టపోవును. ఒకప్పుడు ఊరక యెక్కువ యిచ్చును. మరియొకప్పుడు తక్కువకు దొరకినదని సంతోషించి, పనివాని కూలి తరుగుటకు తానే కారకుడగును. రెండవ నష్టము మొదటిదానికంటె పెద్దది.

పాత మేస్త్రీ, కొత్త ఏజెన్సీ

ఈ నడిమివాడు మనకు కొత్తవాడు కాడు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి రంగూనునకు ఓడ లెక్కిన తెలుగు కూలీలు మేస్త్రీల చేతిక్రిందనే పోయిరి. మేస్త్రీ ముందుగా బయానా యిచ్చి, ఓడ ఖర్చు పెట్టుకొని, అక్కడ కూలి తన చేతికి వచ్చినప్పుడు తన భాగమును పట్టుకొని, మిగిలినదానిని పంచెడివాడు. మిల్లులలోను, తోటలలోను జాబరు, కంగాణీ అను పేర్లతో ఇట్టివారే యుండిరి. విట్లే అధ్యక్షతను 1929లో నియమింపబడి 1931లో నివేదిక నొసంగిన రాయల్ లేబరు కమిషను ఈ మధ్యవర్తుల పద్ధతిని విమర్శించి, పనివారిని నియమించు అధికారము వారి చేతులనుండి తొలగవలెనని సూచించినది. నాటి మేస్త్రీ చేసిన కీడు కమిషను పుచ్చుకొనుట మాత్రమే కాదు. కూలివానికిని, యజమానికిని నడుమ గోడగా నిలిచి, ఇరువురికిని లెక్క తెలియకుండ చేయుటయే అసలు కీడు. నేటి ఏజెన్సీకి కార్యాలయము, రిజిస్ట్రేషను, కంప్యూటరు బిల్లు ఉన్నవి. కాని లెక్క దాచినచో అదియు మేస్త్రీయే.

మార్కప్పు అన నేమి?

పనివాని వేతనముపై ఏజెన్సీ చేర్చు మొత్తమునకు మార్కప్పు అని వ్యవహారము. దీనిని మార్జిన్ అను మరియొక మాటతో కలిపి చెప్పుటవలన పలువురు భ్రమపడుచున్నారు. వేతనము 15,000 రూపాయలు, బిల్లు 20,000 రూపాయలు అనుకొందము. పైన చేర్చినది 5,000. వేతనముతో పోల్చిన అది నూటికి 33 చిల్లర. బిల్లుతో పోల్చిన నూటికి 25. రూపాయలు అవే, శాతము మాత్రము మారినది. బేరమాడునప్పుడు ఏజెన్సీ చిన్న యంకెనే చెప్పుట సహజము. కావున శాతము చెప్పినవానిని "దేనిమీద?" అని వెంటనే యడుగవలెను.

అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఈ మార్కప్పు అంతయు ఏజెన్సీ లాభము కాదు. అందులో పెద్ద భాగము చట్టము విధించిన భారమే. ఆ భారమును ఏజెన్సీ నిజముగా మోయుచున్నదా, లేక మోయుచున్నట్లు బిల్లులో వ్రాయుచున్నదా యనుటయే పరీక్షింపవలసిన సంగతి.

పదునైదువేల రూపాయల లెక్క

పాఠకులకు స్పష్టపడుటకై ఒక లెక్క వేయుదము. హోటలులో నెలకు 15,000 రూపాయల మూల వేతనముపై ఒక సప్లయరు పనిచేయుచున్నాడనుకొందము. పైసలను రూపాయలకు సరిచేసినచో లెక్క ఇట్లుండును.

ప్రావిడెంటు ఫండునకు యజమాని వాటా నూటికి 12. దానితో చేరిన భీమాకు అర, నిర్వహణకు అర. వెరసి 13 వంతున 1,950 రూపాయలు. ఈ.ఎస్.ఐ. అను కార్మిక వైద్య భీమాకు 2019 జూలైనుండి యజమాని వాటా నూటికి 3.25, అది 488 రూపాయలు. కనీస బోనసు నూటికి 8.33 వంతున 1,250. గ్రాట్యుటీకై నూటికి 4.81 వంతున 722. ఈ నాలుగును కలిపి 4,410 రూపాయలు. అనగా ఏజెన్సీ తనకై ఒక్క కాసు తీసికొనక మునుపే 15,000 రూపాయల పనివాని ఖర్చు 19,410 అగుచున్నది.

దీనిపై ఏజెన్సీ తన సేవకు నూటికి 10 కోరినదనుకొందము. అది 1,941 రూపాయలు, మొత్తము 21,351. ఈ మొత్తమంతటిపైనను 18 శాతము జి.ఎస్.టి. పడును. పన్ను ఏజెన్సీ కమిషనుమీద మాత్రమే కాదు, పనివాని వేతనముమీద కూడ పడుచున్నదని గమనింపవలెను. ఆ పన్ను 3,843 రూపాయలు. తుదకు బిల్లు 25,194.

ఇక పనివాని వైపు చూడుడు. అతని వేతనమునుండి ప్రావిడెంటు ఫండు వాటా 1,800, ఈ.ఎస్.ఐ. వాటా నూటికి ముప్పాతిక వంతున 113 పట్టుకొనగా చేతికి వచ్చునది 13,087. యజమాని 25,194 ఇచ్చెను. పనివాని చేతికి 13,087 చేరెను. సగమునకు కొంచె మెక్కువ! యజమాని పనివాడు సోమరియనుకొనును. పనివాడు యజమాని లోభియనుకొనును. ఇరువురి నడుమ నున్న పండ్రెండువేల చిల్లరలో కమిషను 1,941 మాత్రమే. మిగిలినది పన్నును, పనివాని వృద్ధాప్యమునకును రోగమునకును జమ కావలసిన సొమ్మును.

పన్ను విషయమున మరియొక సూక్ష్మము కలదు. పెద్ద హోటళ్ళలో 18 శాతము పన్ను వసూలు చేయువారు ఏజెన్సీకి చెల్లించిన జి.ఎస్.టి.ని తమ పన్నులో తగ్గించుకొనగలరు. వారికి ఆ 3,843 నిజమైన ఖర్చు కాదు. కాని 2017 నవంబరు నుండి 5 శాతము పద్ధతిలో నున్న సాధారణ భోజనశాలలకు ఆ సౌకర్యము లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి దినమునకు 7,500 రూపాయలకు మించని గదులకును అదే 5 శాతము, అదే నియమము. కావున చిన్న హోటలువాడు, పెద్ద హోటలువాడు ఒకే ఏజెన్సీకి ఒకే ధర యిచ్చినను, చిన్నవానికే ఆ పనివాడు ఎక్కువ ఖరీదగుచున్నాడు. చిన్న యజమానులలో కొందరు బిల్లు లేని మనుష్యులను వెదకుటకు ఇదియు నొక ప్రేరణము. కారణము తెలిసినంత మాత్రమున ఆ పని న్యాయము కాజాలదు.

కమిషను న్యాయమే, ఎప్పుడు?

నూటికి పది యెక్కువ యని తోచవచ్చును. ఏజెన్సీ చేయు పనిని చూచి నిర్ణయింపవలెను. పనివారిని వెదకుట, వారి పూర్వాపరములు విచారించుట, దుస్తు లిచ్చుట, వడ్డన నేర్పుట, ముహూర్తమునాడు నలుగురు రాకపోయిన మరి నలుగురిని పంపుట దాని బాధ్యత. అన్నింటికంటె భారమైనది అరువు. పనివారి నెల వేతనమును మరుసటి నెల 7వ తేదీలోపల చెల్లింపవలెనని చట్టము. హోటలు మాత్రము అరువది దినములకు గాని బిల్లు చెల్లింపదు. ఆ 19,410 రూపాయలపై నూటికి 12 వడ్డీ చొప్పున అరువది దినములకు 383 రూపాయలగును. అనగా ఏజెన్సీ పుచ్చుకొనిన 1,941లో అయిదవ వంతు వడ్డీకే పోవుచున్నది. బిల్లును వెంటనే చెల్లించు యజమాని కమిషను తగ్గింపుమని ధైర్యముగా నడుగవచ్చును. ఆరు వారములు త్రిప్పువానికి ఆ మాట యడుగు హక్కు లేదు.

తక్కువ ధర చెప్పువాని మర్మము

ఇప్పు డింకొక ఏజెన్సీవాడు వచ్చి, "అదే సప్లయరును పన్ను కాక 18,000కే యిచ్చెదను" అనెననుకొందము. యజమాని సంతోషించును. కాని చట్టప్రకారము ఖర్చే 19,410 కదా! తక్కువైన 1,410 రూపాయలు, వాని కమిషనుతోకూడ, ఎవరి యింటినుండి వచ్చును? వాని యింటినుండి రాదు. ప్రావిడెంటు ఫండు జమ కాకపోవచ్చును. ముప్పదిమంది పనిచేయుచుండ ఇరువదిమంది పేర్లే పట్టీలో నుండవచ్చును. వేతనమును బ్యాంకులో వేసి, అందులో కొంత నగదుగా తిరిగి పుచ్చుకొనవచ్చును. మూల వేతనమును చిన్నదిగా చూపి, తక్కినదానిని భత్యములని వ్రాసి, వాటాలు తగ్గించుకొనవచ్చును. ఈ కడపటి యుక్తిని అరికట్టుటకే కొత్త వేతన స్మృతి భత్యాదులు మొత్తము ప్రతిఫలములో సగమునకు మించిన, మించిన భాగమును వేతనముగానే లెక్కింపవలెనని విధించినది.

ధర సరిగా నున్నచోట కూడ దాగిన లాభము కలదు. బోనసు, గ్రాట్యుటీల పేర నెలనెలా యజమానియొద్ద వసూలైన సొమ్ము ఎవరికి చేరుచున్నది? గ్రాట్యుటీకి సామాన్యముగా అయిదేండ్ల సేవ కావలెను. నిర్ణీతకాలపు ఉద్యోగులకు కొత్త స్మృతి దానిని ఒక్క యేడుగా చేసినది. మూడు నెలలలో విడిచిపోవు సప్లయరునకు ఏమియు ముట్టదు. తలకు 722 చొప్పున నూరుగురికి నెలకు 72,200. ఏటికి 8,66,400 రూపాయలు! ఇది కమిషను పట్టికలో కనబడని కమిషను. తెలిసిన యజమాని ఈ రెండు పద్దులను నెలనెలా చెల్లింపక, పనివానికి నిజముగా చెల్లించినట్లు రుజువు చూపిన పిమ్మట చెల్లించును.

పనిగంటల విషయమును మరువరాదు. పెండ్లి యింట ఉదయపు ఫలహారమునకు వచ్చిన కుర్రవాడు రాత్రి విందు ముగియువరకు నిలుచుండును. బిల్లులో అది యొక్క "షిఫ్టు". నెలకు 15,000 అనగా ఇరువదియారు దినములకు దినమునకు 577. ఎనిమిది గంటలకు లెక్క వేసిన గంటకు 72 రూపాయలు. అదనపు గంటలకు రెట్టింపు కూలి యీయవలెనని చట్టము. పదునాలుగు గంటలు నిలిచినవానికి న్యాయముగా రావలసినది 1,442. ఏడెనిమిది వందలు చేతిలో పెట్టి పంపినచో, తక్కిన సగము ఎవరో మ్రింగినట్లే.

చేతులు మారిన కొలది

పెండ్లిండ్లలో కీడు ఇంకను పెద్దది. గృహస్థు వేడుక జరుపు సంస్థకు చెప్పును. వారు భోజనపు కాంట్రాక్టరునకు. అతడు మనుష్యుల నిచ్చు ఏజెంటునకు. ఆ ఏజెంటు కుర్రవాండ్రను కూడదీయును. వడ్డనవానికని గృహస్థు ఇచ్చిన వేయి రూపాయలలో మువ్వురును నూటికి పదునైదు చొప్పుననే పట్టుకొనిరనుకొందము. వేయి 850 అగును, 850 కాస్తా 722న్నర, అది 614. ఒక్కొక్కడు పదునైదే తీసెను. కాని 386 పోయినవి. పనివానికి చేరినదానితో పోల్చిన అది నూటికి 62కు పైబడిన మార్కప్పు. ఏ ఒక్కని దురాశయు ఇందు కనబడదు. చేతుల సంఖ్యయే ఇక్కడి దోషము.

చట్టము యజమానిని విడువదు

"నేను ఏజెన్సీకి చెల్లించితిని, తక్కినది నాకేల?" అను మాట చట్టమున నిలువదు. కాంట్రాక్టరు వేతనము చెల్లింపకున్నను, తక్కువ చెల్లించినను, ఆ బాకీని ప్రధాన యజమానియే తీర్చి, తరువాత కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము విధించెను. 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో, 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి అదే నియమమును నిలిపినది. చౌక బేరమున మిగిలిన సొమ్ము ఒకనాడు రెట్టింపై తిరిగి రావచ్చునని యజమానులు గ్రహింపవలెను.

ఏబదిమందియు అంతకుమించియు కాంట్రాక్టు పనివారున్న సంస్థలకు ఆ స్మృతి మరియొక హద్దు నేర్పరచినది. సంస్థ యొక్క ముఖ్యవృత్తిలో కాంట్రాక్టు పనివారిని నియమింపరాదు. వస్త్రముల మిల్లునకు భోజనశాల ముఖ్యవృత్తి కాదు. కాని హోటలునకు వంటయు వడ్డనయు ముఖ్యవృత్తి గాక మరేమి? అయినను హఠాత్తుగా పని పెరిగి, నిర్ణీతకాలములో దానిని ముగింపవలసి వచ్చినప్పుడు మినహాయింపు కలదు. అనగా ముహూర్తముల రద్దీకి ఏజెన్సీవారిని పిలుచుట చట్టసమ్మతమే. సంవత్సరము పొడుగునను ఒకే కుర్రవానిని ఏజెన్సీ పేర నిలుపుట వేరు సంగతి. తాత్కాలికమను మాట నిజముగా తాత్కాలికమైనదానికే చెల్లును.

ఇతర దేశముల అనుభవము మనకు పాఠము. ఇంగ్లండులో 2011 అక్టోబరు నుండి అమలునకు వచ్చిన నిబంధనలనుబట్టి ఏజెన్సీ పనివాడు ఒకే పనిలో పండ్రెండు వారములు గడపినచో, నేరుగా నియమింపబడినవానితో సమానమైన వేతనమునకు అర్హుడగును. జపానులో 2012 నాటి సవరణ చట్టము ఏజెన్సీలు తమ మార్జిను నిష్పత్తిని బహిరంగముగా ప్రకటింపవలెనని విధించినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక పనివానినుండి రుసుము పుచ్చుకొనరాదని సామాన్య నియమముగా పేర్కొన్నది. ఈ మూడింటిలోను భావ మొక్కటే: నడిమివాడు ఉండవచ్చును, కాని చీకటిలో ఉండరాదు.

చేయవలసినది

ఇందులకు కొత్త చట్టములకై వేచియుండ నక్కరలేదు. బిల్లు చెల్లించువాని చేతిలోనే అధికారము కలదు. మొదటిది, ఒక్క యంకెతో వచ్చిన కొటేషనును అంగీకరింపరాదు. వేతనము, ప్రావిడెంటు ఫండు, ఈ.ఎస్.ఐ., బోనసు, గ్రాట్యుటీ, కమిషను, పన్ను వేరువేరు పద్దులుగా వ్రాసి యీయుమనవలెను. ఏజెన్సీలు పోటీపడవలసినది కమిషను పద్దునందే. వేతనపు పద్దునందు కాదు. రెండవది, ఈ నెల బిల్లు చెల్లించుటకు ముందు గత నెల జమచేసిన చలానులను, పేర్ల పట్టికతో సహా, అడుగవలెను. మూడవది, వేతనము పనివాని బ్యాంకు ఖాతాకే చేరవలెను. నాలుగవది, పనిగంటలను యజమాని మనుష్యుడే వ్రాసికొనవలెను. ఐదవది, ఏజెన్సీ మరియొకరికి ఉపగుత్త కీయరాదని ఒప్పందములో వ్రాయవలెను. ఆరవది, మంచి పనివానిని యజమాని తనయొద్దనే స్థిరముగా నియమించుకొన దలచిన ఏజెన్సీ ఎంత రుసుము కోరునో ముందే తేల్చుకొనవలెను. లేనిచో ఆ కుర్రవాని యెదుగుదలకు ఒప్పందమే సంకెల యగును.

పెండ్లి చేయు గృహస్థునకు చలానులు చూచు తీరిక యుండదు. అతడు రెండు ప్రశ్నలడిగిన చాలును: వడ్డించువారికి తలకెంత యిచ్చెదరు? ఎన్ని గంటలకు? విస్తరికి వేలు వెచ్చించువాడు, ఆ విస్తరి వేయు చేతికి ఏమి ముట్టినదో తెలిసికొనుట గౌరవమునకు లోటు కాదు.

మన పల్లెలలో కోతల కాలమున ధాన్యము కొలుచునప్పుడు కూలివాడు ఎదుట నిలుచుండెడివాడు. కుంచము నిండినదో లేదో వాని కన్నులే సాక్షి. అదే కన్ను పట్టణపు బిల్లులోను ఉండవలెను. వేతనపు పద్దు ఇంతయని యజమాని చూచి, అంతే తనకు చేరినదని పనివాడును చూచిననాడు, కమిషను ఎంతయైనను అది బేరమే యగును. ఆ రెండు చూపులును లేనినాడు అది దోపిడి.